నానమ్మా, నానని పలకా

పలకల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసే ఆవిడకి నలభై ఏళ్లు. పెళ్లే చేసుకోలేదు, అయినా అందరికీ "నానమ్మ"! చెక్కపీచుతో చేసిన పలకల్ని రోజంతా నీళ్లలో నానబెట్టే అమ్మ మరి.

ఆ ఉదయం తొట్టిలో మూరెడు పలక ఒకటే ఉంది. నిన్నటి నుంచీ మునిగే ఉంది. ఎదురుగా నడుం మీద చేతులేసుకుని వడ్రంగి బావ, అక్క మొగుడు. నిరుడు ఈ ఫ్యాక్టరీ పలకతోనే ఆయన తన వంటింటి సింకు కింద అలమారా చేశాడు. నెల తిరక్కుండా అది ఉబ్బి, తలుపు పట్టడం మానేసింది. ఇప్పుడు హాస్టలు స్నానాలగదులకు నూరు తలుపులు ఆయనే చెయ్యాలి. ఆయన ఊఁ అంటే తొట్టిలోని ఈ కొత్త పలక తయారీకి వెళుతుంది. ఊహూఁ అంటే తొట్టి పీకేసి అక్కడ గోదాం పెడతానని మేనేజరు చెప్పేశాడు.

"ఏం మరదలా, నీ పీచు మిఠాయి కరిగిందా?"

"కరిగేది నీ పొగరు బావా, కాసేపాగు."

"పోయిన నెల చూపించిందీ నీళ్లు తాగలేదులే. సుత్తి తగలగానే పొరలు పొరలుగా ఊడొచ్చింది!"

"నీళ్లు పీల్చకుండా పీచుకి పట్టించే మందు ఎక్కువైంది."

"మందెక్కువైతే ఎవరు నిలబడతారు?"

"విను. నీళ్లని పట్టుకోడానికి పీచుకి చేతులున్నాయనుకో. మందుతో అన్నీ కట్టేశాను. జిగురుకీ అవే చేతులు కావాలి! నీళ్లు మానమంటే జిగురు కూడా ముట్టకుండా నిరాహారదీక్ష చేసింది. ఈసారి సగం చేతులు వదిలాను."

నానమ్మ పలకని బయటికి తీసి తుడిచింది. బావ తన సొంత కొలబద్ద తీశాడు. పన్నెండు మిల్లీమీటర్లది పన్నెండున్నర కూడా కాలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పుల్లగా వాసనేమిటే?"

"ఆ మందు వాసనే. ఓడిపోయేవాళ్లకి ఇంకాస్త పుల్లగా ఉంటుంది."

రెండు స్టూళ్ల మీద పలక వేసి, నూరు కిలోల బావ ఎక్కి నిలబడ్డాడు. పలక పలకలేదు. ఒక్క గెంతు గెంతాడు. అయినా పలకలేదు. దిగి అంచులు తడిమి చూశాడు, ఒక్క పొరా ఊడలేదు.

"నూరు తలుపులకీ ఇదే పంపించు," అన్నాడు చివరికి. "మొదటిది మాత్రం మీ అక్క సింకు కిందకి. నీ చేతిలో పనితనముందే!"

ఇరవై నాలుగు గంటలు నీళ్లలో ఉండి పలక ఉబ్బలేదు. బావ మెచ్చిన ఆ ఒక్క మాటకి నానమ్మ ఉబ్బితబ్బిబ్బయింది. ఎన్ని మిల్లీమీటర్లో కొలిచే సాధనం ఆ ల్యాబులో లేదు.