కప్పుకు అతికిన తప్పు

నేను ఒక పూలపట్టీని. గోడా కప్పూ కలిసే చోట చుట్టూ అతికిస్తారే, ఆ తెల్లటి తీగల నగిషీని. కొట్టులో నన్ను కార్నీస్ అంటారు. కాకినాడ శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. పీఓపీ అనే తెల్లపొడిని నీళ్లలో కలిపి రబ్బరు అచ్చులో పోస్తే అరగంటలో గట్టిపడి బయటికొచ్చాను. కూలగొట్టిన ఏదో పాత బంగళా నుంచి మా యజమాని ఒక ముక్క తెచ్చుకుని, దాని మీద తీసిన అచ్చు అది. నా ఒంటిమీది తీగ అసలు ఎవరి చేతిదో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. నున్నగా ఉన్నానన్న గర్వంలో అలాంటివి తోచవు.

నన్ను కొన్నది సూర్యప్రకాశం గారూ, ఆయన భార్య హైమావతమ్మా. తలమీదికి ఎక్కించేవాటిని నేలమీద పరిచి, నడుం వంచి చూసి ఎంచుకోవడం మనుషులకే చెల్లింది. ఆవిడకు ద్రాక్షగుత్తులు కావాలి. ఆయనకు ఉత్త గీతలు చాలు. గంటసేపు తర్జనభర్జన పడి, ఇద్దరికీ సగం సగం నచ్చిన నా దగ్గర రాజీపడ్డారు. సంసారాల్లోకి చాలా వస్తువులు ఇలాగే చేరతాయి కాబోలు.

"మరి గంగరాజు మేస్త్రికి తెలిస్తేనో?" అంది ఆవిడ, నన్ను ఆటోలో ఎక్కిస్తుంటే.

"తెలియదులే," అన్నారాయన.

గంగరాజు డెబ్బై దాటిన తాపీమేస్త్రి. వాళ్ల కొత్తింటి గోడలు లేపింది ఆయనే. హాలు కప్పు చుట్టూ సున్నంతో, చేత్తో తీగ గీసిస్తాననీ, ఇదే తన ఆఖరి పని అనీ అడిగితే, సూర్యప్రకాశం గారు చేతిలో తాంబూలం పెట్టి మరీ మాటిచ్చారు. తర్వాత ఒకరోజు టీ గ్లాసు పట్టుకున్న మేస్త్రి చెయ్యి వణకడం చూశారు. అడిగితే నొచ్చుకుంటాడని అడగలేదు. "కప్పుకి ఏమీ వద్దనుకున్నాం మేస్త్రీ" అని ఫోనులో అబద్ధమాడి, తిన్నగా కొట్టుకొచ్చారు. మొహమాటం చేసే ద్రోహం పగవాడు కూడా చెయ్యడు.

అయితే గృహప్రవేశం నాడు ఇల్లు కట్టిన మేస్త్రిని పీట మీద కూర్చోబెట్టి బట్టలు పెట్టాలి. ఆ సంగతి దంపతులకు నన్ను అతికించేశాక గుర్తొచ్చింది. "పైకి చూడడులెండి" అని హైమావతమ్మ ధైర్యం చెప్పింది. కట్టినవాడు కప్పుకేసి చూడకుండా ఉంటాడా?

మేస్త్రి పంచెల చాపు అందుకుని, కళ్లకద్దుకుని, తలెత్తాడు. చాలాసేపు నన్నే చూశాడు. సూర్యప్రకాశం గారి చేతిలో అక్షింతలు అలాగే ఉండిపోయాయి.

"ఈ ఆకు నాదండి," అన్నాడు మేస్త్రి.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన వేలు చాపి చూపించాడు. "అన్నీ కుడికి తిరిగితే ఇదొక్కటీ ఎడంకి తిరిగింది, చూడండి. పద్దెనిమిదేళ్లప్పుడు ఓ బంగళాలో పని చేత్తా తప్పు తిప్పేశానండి. మా గురువు లెంపకాయ కొట్టేడు. చెరిపేత్తానంటే, వద్దురా, ఉండనీ, నీకు బుద్దొత్తాది అన్నాడండి."

అన్నీ ఆ బంగళా ముక్క అచ్చులో పోసినవే కాబట్టి, హాలు చుట్టూ ప్రతి ముక్కలోనూ ఆ ఆకు ఎడమకే తిరిగి ఉంది. ఆయన చేతిని వద్దనుకుని వీళ్లు తెచ్చుకున్నది ఆయన చేతినే. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పయిపోయింది మేస్త్రీ," అన్నారు సూర్యప్రకాశం గారు. "నీ చెయ్యి వణుకుతోందని..."

"వణుకుద్దండి, నాకు తెలవదా? ఆ మాటే నాతో అనుంటే, కొట్టుకి నేనే వచ్చి మంచిది ఏరిపెట్టేవోణ్ణి కదండీ."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బావుండేది. మేస్త్రి భోజనానికి ఆగకుండా వెళ్లిపోయాడు.

ఆరేళ్లయింది. మేస్త్రి పోయి నాలుగేళ్లు. ఇంటికొచ్చినవాళ్లు తలెత్తి, "భలే ఉందండీ, ఎవరి పని?" అంటారు.

"మా గంగరాజు మేస్త్రిదండి," అంటారు సూర్యప్రకాశం గారు, నేలకేసి చూస్తూ. హైమావతమ్మ మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లిపోతుంది.

ఆయన చెప్పింది నిజమే. అందులో అబద్ధం ఎక్కడుందో మా ముగ్గురికే తెలుసు.