ఎజ్రా చిటికెన వేలికి చిక్కిన ఇత్తడి గొట్టం

నేను ఒక ఇత్తడి గొట్టం ముక్కను. నా పొడవు రెండున్నర అంగుళాలు. గుంతకల్లు లోకో షెడ్డులో ఒక ఇంజన్ కడుపులో పందొమ్మిదేళ్లు గాలి మోశాను. ఇంజన్‌కు వయసైపోయిందన్నారు, నన్ను కోసి తుక్కులో పడేశారు. పందొమ్మిదేళ్లలో ఒక్కరోజు సెలవు అడిగానా? అడగలేదు. అయినా మనుషులు అంతే.

మస్తాన్ నన్ను ఏరుకున్నాడు. షెడ్డులో ఫిట్టరు, బయట డ్రమ్ములు కొడతాడు. గేటు దాటడానికి నాకు మూడు సంతకాలు పడ్డాయి. ఇంజన్ వెళ్లేటప్పుడు ఇంత హడావుడి నేను చూడలేదు.

అతను నన్ను తీసుకెళ్లింది ఎజ్రా ఇంటికి. ఎజ్రా కూడా ఫిట్టరే. డెస్మండ్ అనే ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర చిన్నప్పుడే గిటారు మీద కంట్రీ, బ్లూస్ అనే అమెరికా పాటల బాణీలు నేర్చుకున్నాడు. ఆ బాణీలకు బుర్రకథ చెప్పే ఓబుళమ్మ తెలుగు మాటలు కట్టి పాడేది. మస్తాన్ వాయించేవాడు. ముగ్గురిదీ ఒక బ్యాండు. అప్పటికి ఆరు నెలల కిందట షెడ్డులో ఎజ్రా ఎడమచేతి వేళ్లు మూడు నలిగాయి. అతికాయి గానీ వంగవు. వంగని వేళ్లతో తీగలు నొక్కేదెట్లా?

"పిడికిట్లో పట్టుకోని దొర్లించాలంటన్నా, డాక్టరు చెప్పినాడు కదా" అన్నాడు మస్తాన్, నన్ను అతని చేతిలో పెడుతూ.

రెండు నెలలు దొర్లాను. ఒట్టు, నా శక్తికొద్దీ దొర్లాను. వేళ్లు మాత్రం వంగలేదు. విసుగొచ్చినప్పుడు ఎజ్రా నన్ను బాగున్న చిటికెన వేలికి తొడుక్కుని కిటికీలోంచి రైళ్లు చూస్తూ కూర్చునేవాడు. ఒక శుక్రవారం భార్యతో అనేశాడు: "ఆదివారం గిటారు చర్చికిచ్చేస్తా. ఇంట్లో ఉంటే చూడలేకుండా ఉండా."

ఆ మాట మస్తాన్ చెవిన పడింది, మస్తాన్ నుంచి ఓబుళమ్మకు చేరింది. శనివారం పొద్దున్నే ఆమె వచ్చి వరండాలో కూర్చుంది. ఎజ్రా స్నానం చేస్తున్నాడు. మూలనున్న గిటారు తీగలు వదులైపోయి ఉన్నాయి. వచ్చే నెల రైల్వే ఇన్‌స్టిట్యూట్ వార్షికోత్సవంలో పాడాల్సిన పాట ఒకసారి పాడి చూసుకుందామని, శ్రుతి కోసం తీగలు బిగించింది పెద్దావిడ. ఆమెకు తెలిసిన శ్రుతి తంబురాదే.

ఎజ్రా బయటికొచ్చి నన్ను అలవాటుగా వేలికి తగిలించుకుని, కుడిచేత్తో గిటారు తీగలు ఒకసారి మీటాడు. మొహం మాడిపోయింది.

"ఎవురు ముట్టుకున్నారు దీన్ని? శ్రుతంతా నాశనమయ్యింది!"

"నేనేనప్పా. మా తంబురా మాదిరి స, ప, స స్వరాలకు కట్టినా. తీగలు మిగిల్తే గాంధారం పెట్టినా. తప్పా?"

"తప్పు కాదా పెద్దమ్మా! గిటారుకు అట్ల కడతారా ఎవురన్నా?"

కోపంగా తీగల బిరడాలు తిప్పబోతూ గిటారు ఒళ్లోకి లాక్కున్నాడు. ఆ లాగడంలో నేను ఆరు తీగల మీదా జర్రున జారాను. అయ్యో, ఆ శబ్దం! అంతవరకూ గాలి మోయడమే తెలిసిన నాకు ఒళ్లంతా వణికింది. ఎజ్రా ఆగిపోయాడు. మళ్లీ జార్చాడు, ఈసారి కావాలని. తీగలు నొక్కే పనే లేదు. ఆమె కట్టిన శ్రుతిలో ఆరు తీగలూ కలిసే మోగుతున్నాయి, నేను ఎక్కడ ఆనితే అక్కడ స్వరం.

"ఇదేమప్పా, మనిషి ఏడ్చినట్టే ఉండాదే!" అంది ఓబుళమ్మ.

"డెస్మండ్ సారు చెప్తాండె, ఇట్ల వాయించేవాళ్లు ఉండారని. నేనే వినలే" అన్నాడు ఎజ్రా. కళ్లు తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు మరి. ఆదివారం అతను చర్చికి వట్టి చేతులతోనే వెళ్లాడు.

నెలంతా సాధన. మొదటి వారం మేం తీసిన అపస్వరాలకు పక్క క్వార్టరు వాళ్లు తలుపులేసుకున్నారు. నా నున్నదనం కూడా ఆ వారంలో వచ్చిందే. వార్షికోత్సవం రోజు సాయంత్రం ఓబుళమ్మ గూడ్సుబండి పాట ఎత్తుకుంది, మస్తాన్ చక్రాల దరువు వేశాడు, నేను కూత పెట్టాను. ఇన్‌స్టిట్యూట్ హాలు ఊగిపోయింది. నాకు గర్వంగా ఉంది, దాచడమెందుకు?

పాట అయ్యాక రిటైరైన ఫోర్‌మన్ ఒకాయన ముందుకొచ్చి ఎజ్రా చేయి పట్టుకున్నాడు.

"వేళ్లు బాగయినాయా అబ్బీ?"

"లేదు మామా, ఇంక వంగవంట" అన్నాడు ఎజ్రా నవ్వుతూ. "రేపు సాయంత్రం ప్రాక్టీసు పెట్టుకున్నాం. నువ్వూ రా."