ముఖం లేని తిట్టు

ఆమెకి బళ్ళో రాయించిన పేరు ఒకటుంది కానీ, ఇంట్లో ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. నాన్న పెట్టిన పేరు మొద్దు. సైకిలు నేర్చుకుంటూ ఒకే గోడని మూడుసార్లు గుద్దితే పెట్టాడు. ముప్ఫై రెండేళ్ళొచ్చి, ఆఫీసులో తనకంటూ ఒక బల్లా రెండు తెరలూ ఉన్న మనిషయ్యాక కూడా ఆయనకి ఆమె మొద్దే.

నాన్న ముప్ఫై నాలుగేళ్ళు బస్సు తోలాడు. ఆ నోరు మంచి నోరని ఎవరూ అనరు. అడ్డం వచ్చిన బండివాణ్ణి తిట్టేవాడు, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి తిట్టేవాడు, దిగాల్సిన చోట దిగకుండా గుర్రుపెట్టినవాణ్ణి లేపి మరీ తిట్టేవాడు. అదే మనిషిని తిరుగు ట్రిప్పులో ఎక్కించుకుని వాళ్ళ సందు మొదట్లో దింపేవాడు కూడా. తెలిసినవాళ్ళకి ఆయన తిట్టకపోతేనే భయం. ఒకసారి కండక్టరు మీద నిజంగా మనసు విరిగి "మీరు" అన్నాడట. పాపం ఆ కండక్టరుకి రెండు రోజులు అన్నం సహించలేదు.

అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. డాక్టర్లు స్వరపేటిక తీసేసి ప్రాణం నిలబెట్టారు. అమ్మ అప్పటికే లేదు. ఇంట్లో మొద్దు, నాన్న, నాన్న మెడలో దారానికి వేలాడే చిన్న నోటుబుక్కు. ఆయన రెండు ముక్కలు రాసేలోపు ఎదుటివాడు తల ఊపేసి తలుపు దాకా వెళ్ళిపోయేవాడు. తిట్టుకి వేగం కావాలి. పెన్నుతో తిట్టడమంటే చల్లారిన టీ తాగడమే.

ఫోనులో మెసేజీలు పెట్టడం నేర్పితే మొదట ఆ కండక్టరుకే పెట్టాడు: "ఒరేయ్ దరిద్రుడా, చచ్చావా బతికావా?" కండక్టరు పది రోజులు పలకలేదు. అప్పుడు మొద్దు చెప్పింది.

"నువ్వు నవ్వుతూ అన్నావని ఆయనకెలా తెలుస్తుంది నాన్నా? ముఖం లేని తిట్టు ఒట్టి తిట్టే."

నాన్న మూతి ముడుచుకున్నాడు. అది చూసి జాలేసి ఆయన ఫోనులో ఒక ఆట వేసిచ్చింది. ఐదుగురు జట్టుగా సరుకు లారీలు తోలుకుంటూ, దొంగల్ని తప్పించుకుంటూ కొండదారిలో పోవాలి. ఆడేవాళ్ళు ఒకరికొకరు మాటలు టైపు చేసుకుంటారు. అక్కడ గొంతున్నవాడూ లేనివాడూ ఒకటే. నెల తిరిగేసరికి నాన్నకి ఒక జట్టు కుదిరింది. పిడుగు, బండోడు, నిద్రమొహం, ఇంకొకడు. వాళ్ళకి ఈయన తాత. సాయంత్రం ఐదు కొట్టిందంటే కిటికీ పక్క కుర్చీలో కూర్చుని రెండు చూపుడువేళ్ళతో టకటకా తిట్టేవాడు. తిట్టినప్పుడల్లా భుజాలు కదిలేవి. చప్పుడు లేకుండా నవ్వుతున్నాడన్నమాట. పోయిన నాన్న తిరిగొచ్చాడని మొద్దు ఎంత సంబరపడిందో చెప్పలేం.

ఆ ఆటలో మాటల మధ్య చెత్త ఏరే ఉద్యోగమే మొద్దుది. ఆ సంగతి నాన్నకి తెలియదు. ఏ ఆటకి పనిచేస్తున్నామో బయట చెప్పబోమని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. కూతురు కంప్యూటర్లో తప్పులు దిద్దుతుందని మాత్రం ఆయనకి తెలుసు.

పని ఇలా ఉంటుంది. యంత్రం అనుమానించిన మాటా, ఆటగాళ్ళు ఫిర్యాదు చేసిన మాటా బల్ల మీదికొస్తాయి. తెర మధ్యలో ఆ మాట, పైన ఐదు వరుసలు, కింద ఐదు వరుసలు. పక్షపాతం రాకూడదని పేర్లు దాచేసి నంబర్లు చూపిస్తారు. మూడు బటన్లు: ఉంచు, తీసెయ్యి, తాళం వెయ్యి. తాళం పడ్డవాడు ఆడుకోవచ్చు కానీ నోరు విప్పలేడు. ఒక్కో మాటకి నలభై సెకన్లు. తెలిసినవాళ్ళ కేసు వస్తే చెయ్యెత్తి పక్క బల్లకి ఇచ్చెయ్యాలి. కోటిమంది ఆడే ఆటలో మనింటి మాట మన బల్లకే వస్తుందా అని ఆ నియమాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

గోడ మీద పెద్ద అక్షరాలతో "అందరికీ మాట, అందరికీ మర్యాద" అని రాసుంటుంది. పక్క బల్ల ఆయన్ని అందరూ కత్తెర అంటారు. "ఒకే ఒరలో రెండు కత్తులు ఇరికించి మనల్ని కాపలా పెట్టారు" అని నవ్వేవాడు. నవ్వుతూనే పది సెకన్లకో మాట తెగ్గోసేవాడు.

ఒక మంగళవారం, పదకొండింటి టీ అయ్యాక, మొద్దు తెర మీదికి ఈ మాట వచ్చింది:

"గేర్లు లేని గాడిదా, కళ్ళు బానెట్లో పెట్టుకున్నావా? మళ్ళీ లారీని గోతిలో దింపావంటే నీ పాడె నేనే మోస్తా!"

కళ్ళు బానెట్లో పెట్టుకునే మనుషులు లోకం మొత్తం మీద వాళ్ళింట్లోనే ఉన్నారు. ఆ తిట్టు ఆమె వందసార్లు తిన్నది.

కింద వరుసల్లో జట్టువాళ్ళ నవ్వులున్నాయి. వాటి మధ్య ఒక కొత్త నంబరు, ఆ రోజు ఎవరి బదులో ఆడడానికి వచ్చినట్టుంది, "అలా అనకండి" అని రాసి వెళ్ళిపోయింది. ఫిర్యాదు పెట్టింది ఆ మనిషే. "మా అన్నయ్యని మోసి ఇరవై రోజులైంది. మరిచిపోదామని ఆటకొచ్చాను. ఇక్కడా అదే మాటా?"

యంత్రం ఎర్రక్షరాల్లో చంపుతానన్న బెదిరింపు అని ముద్ర వేసింది. పాత హెచ్చరికలు రెండు. ఇది మూడోది కాబట్టి నెల తాళమో, శాశ్వత తాళమో పడాలి.

ఉంచు నొక్కేద్దామనిపించింది. కానీ అన్నయ్యని మోసిన ఆ భుజం ఎవరిదో, దానికి ఇంకా నొప్పి తీరలేదు. వాళ్ళ ఏడుపు ఏడుపు కాదా? చెయ్యెత్తుదామనుకుంది. చెయ్యెత్తితే కత్తెరకి వెళ్తుంది. కత్తెర చేతిలో పడ్డ తాత ఇంక జన్మలో నోరు తెరుస్తాడా? తనే వేస్తే నెలతో పోతుంది. ఇరవై సెకన్లు మిగిలాయి. మొద్దు నెల తాళం నొక్కింది.

తాళంతోపాటు కారణం పంపాలి. "మీ ప్రవర్తన మా నియమాలకు విరుద్ధం" లాంటి తయారు వాక్యాలు పదో పన్నెండో ఉంటాయి, ఒకటి ఎంచుకుంటే చాలు. కన్నతండ్రికి ఆ వాక్యం పంపడానికి చేతులు రాలేదు. తనే రాసింది: "మీ మనసు మంచిదని తెలుసు. కానీ ఇక్కడ మీ నవ్వు ఎవరికీ కనిపించదు. ముఖం లేని తిట్టు ఒట్టి తిట్టే. నెల రోజులు ఓపిక పట్టండి." పంపేశాక కాస్త మనసు కుదుటపడింది. తెలివి ఎక్కువైనప్పుడే మనుషులు ఇలాంటి పనులు చేస్తారు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి నాన్న కుర్చీలోనే ఉన్నాడు. ఆట తెరిచి లేదు, ఫోనులో తాళం కబురు తెరిచుంది. మొద్దు చెప్పులు విప్పుతుండగానే నోటుబుక్కు చాచి పట్టుకున్నాడు. "ఇది నువ్వేనా?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "నేనే నాన్నా" అంది. గడప దగ్గరే నిలబడి అంతా చెప్పింది. అన్నయ్య పోయినవాళ్ళ సంగతి, రెండు హెచ్చరికలు, కత్తెర, నలభై సెకన్లు. నాన్న చివరిదాకా విన్నాడు. తర్వాత చాలాసేపు రాశాడు.

"ఆ మనిషిని బాధపెట్టాను. తప్పు నాదే. కానీ మనం పక్కపక్క గదుల్లోనే ఉంటాం కదా. తాళం వేసే ముందు తలుపు తట్టకూడదా?"

మొద్దు ఒక చెప్పు కాలికి ఉండగానే గడప మీద కూర్చుండిపోయింది.

మర్నాటి నుంచి నాన్న మంచివాడైపోయాడు. పొద్దున టీ ఇస్తే "బాగుంది అమ్మాయ్" అని రాశాడు. మందు ఆలస్యమైతే "తొందరేం లేదు" అన్నాడు. మొద్దు అన్న మాట ఆ పుస్తకంలో మళ్ళీ కనిపించలేదు. నాలుగో రోజు ఆమె కావాలనే టీలో పంచదార బదులు ఉప్పు వేసింది. ఎదురుగా నిలబడి చూసింది. ఒక గుక్క తాగి ముఖం వికారంగా పెట్టాడు. హమ్మయ్య, ఇప్పుడు పెన్ను తీస్తాడు, నా ఏడు తరాలూ ఏకరువు పెడతాడు అని ఆశపడింది. నాన్న పెన్ను తీసి "పర్వాలేదు" అని రాసి, కప్పు ఖాళీ చేశాడు. మొద్దు వంటింట్లోకెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తొమ్మిదో రోజు సూపర్‌వైజర్ మేడమ్ ముందు నిజం ఒప్పుకుంది. మేడమ్ చెడామడా తిట్టి, మెమో ఇచ్చి, నియమం ప్రకారం కేసుని కత్తెరకి అప్పగించింది. కత్తెర ఆ రోజు మాటలన్నీ మొదటినుంచి చివరిదాకా తెరిచాడు. గంట సేపు తల ఎత్తలేదు. మొద్దు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

"ఇలా రామ్మా" అన్నాడు చివరికి. "నువ్వు కింద ఐదు వరుసలు చూశావు. ఆరోది చూడు."

ఆరో వరుసలో నాన్న మాటే ఉంది. "ఒరేయ్, ఆ కొత్తోడు ఏడి? పాపం బెదిరిపోయినట్టున్నాడు. ఎవడైనా వెనక్కి పిలవండ్రా, వాడికి నేను పక్కనుండి నేర్పిస్తా. క్షమించమన్నానని చెప్పండి."

"నీకు చూపించే ఐదులో ఇది రాదు. మూడో తప్పు దగ్గర మాత్రం నేను మొత్తం తెరుస్తాను. శాశ్వతంగా కొయ్యాలంటే చూసి కొయ్యాలి కదా" అన్నాడు కత్తెర. "నాకిచ్చుంటే హెచ్చరికతో వదిలేసేవాణ్ణి. నా మీద నమ్మకం లేకపోయిందా?"

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆదివారానికి తాళం తీశారు. అప్పటికి పన్నెండు రోజులు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మొద్దు ఆరో వరుస సంగతి చెప్పి, తప్పయిందని కాళ్ళు పట్టుకున్నంత పనిచేసి, ఆట తెరిచి నాన్న చేతిలో పెట్టింది. పక్కనే నేల మీద కూర్చుంది. నాన్న పేరు వెలగ్గానే మాటలు వచ్చిపడ్డాయి.

"తాతొచ్చాడ్రోయ్!" అన్నాడు పిడుగు.

"ఎక్కడ చచ్చావు తాతా? తిట్లు లేక చెవులు తుప్పు పట్టాయి" అన్నాడు నిద్రమొహం.

"ఒక్కటి తగిలించు, ఆట మొదలెడదాం" అన్నాడు బండోడు.

నాన్న రెండు వేళ్ళతో నెమ్మదిగా టైపు చేశాడు. "అందరికీ నమస్కారం. మీరంతా క్షేమమేనా?"



"మీరెవరండీ?" అని పిడుగు అడిగాడు.

"ఫోను తాతకివ్వండి సార్" అన్నాడు నిద్రమొహం. "ఆయన ఇలా మాట్లాడడు."

"నాన్నా, నేనేరా వెధవల్లారా అని రాయి. ఒక్క తిట్టు చాలు, పోల్చుకుంటారు" అంది మొద్దు. నాన్న రెండు అక్షరాలు కొట్టాడు, చెరిపేశాడు. మళ్ళీ నాలుగు కొట్టాడు, ఆ నాలుగూ చదువుకుని అవీ చెరిపేశాడు. ఎవరి భుజం ఎక్కడ నొప్పిగా ఉందో అని వెతుక్కుంటున్నట్టు ఒక్కో పేరునీ చూశాడు. తర్వాత రాశాడు.

"తాత పోయాడు."

మొద్దు చెయ్యి పట్టుకునేలోపే అది వెళ్ళిపోయింది.

"అయ్యో. ఎప్పుడు?"

"పన్నెండు రోజులైంది."

ఒక్కొక్కటే వచ్చాయి. పిడుగు ఏడుపు బొమ్మ పెట్టాడు. నిద్రమొహం తన లారీకి తాత పేరు పెట్టుకుంటానన్నాడు. బండోడు అన్నిటికన్నా పొడుగ్గా రాశాడు. "నాకు ఇంట్లో ఎవరూ లేరండీ. పొద్దుణ్ణించి రాత్రిదాకా నన్ను పలకరించే మనిషి ఉండడు. సాయంత్రం ఐదింటికి ఆ ముసలాయన తిడతాడని ఇంటికి తొందరగా వచ్చేవాణ్ణి. ఆయన ఆఖర్లో బాధపడ్డాడా?"

నాన్న ఆ ప్రశ్నని రెండుసార్లు చదివాడు. "కొంచెం" అని రాసి, ఆట మూసేసి, ఫోను తిరగేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తిట్టు నాన్నా, నీకు దండం పెడతా, నన్నైనా తిట్టు" అని మొద్దు ఆయన మోకాళ్ళ మీద పడి ఏడ్చింది. నాన్న నోటుబుక్కు ముట్టుకోలేదు. చెయ్యి చాచి, బస్సులో పక్క సీట్లో ఎవరో పరాయి పిల్ల ఏడుస్తుంటే ఓదార్చినట్టు, మర్యాదగా ఆమె తల నిమిరాడు.