మొదటి దోసె, మొదటి బ్రేకు

నేను ఒక బ్రేకు డ్రమ్ముని. పెళ్ళి ఊరేగింపులో వాయించే రకం కాదు. ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకి ముందు కుడి చక్రం వెనక బోర్లించిన ఇనప గిన్నెని. చక్రంతో పాటు గిరగిరా తిరుగుతాను. పెడలు తొక్కగానే నా కడుపులో ఉన్న రెండు వంకర బద్దలు జరిగి నా లోపలి గోడని ఒరుసుకుంటాయి. కారు ఆగుతుంది. తమ కారు ఎంత జోరుగా వెళ్తుందో చెప్పుకున్న మగవాళ్ళని చాలామందిని చూశాను కానీ, ఎంత చక్కగా ఆగుతుందో చెప్పుకున్నవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

ఇంగ్లండులో పుట్టి, ఓడెక్కి విశాఖపట్నం రేవులో దిగాను. మొదటి యజమాని ఓడల కంపెనీ దొర. క్లబ్బుకి వెళ్ళేటప్పుడు బ్రేకు ముద్దుగా తొక్కేవాడు, తిరిగొచ్చేటప్పుడు మొద్దుగా తొక్కేవాడు. ఆయన తర్వాత గుంటూరు పొగాకు వ్యాపారి. ఆయనకి స్టీరింగుకీ సీటుకీ మధ్య పొట్ట పట్టేది కాదు. అందుకని కారుని వాకిట్లో నిలబెట్టి వచ్చినవాళ్ళకి చూపించేవాడు. ఆయన పోయాక గోనెసంచుల మధ్య చాలా ఏళ్ళు పడున్నాను. అక్కణ్ణించి మమ్మల్ని లేపి మళ్ళీ విశాఖ తెచ్చినవారు పళ్ళ డాక్టరు పతంజలి గారు.

ఆయనకి కారంటే ప్రాణం. రోజూ సాయంత్రం క్లినిక్కు నుంచి రాగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా కారు కడిగేవారు. చక్రాల ఊచల సందుల్లోంచి మా నాలుగు డ్రమ్ముల మీదికి గొట్టంతో నీళ్ళు ధారగా కొట్టేవారు. ఆ తడి మీదే టార్పాలిన్ కప్పి షెడ్డు మూసేసేవారు. తనకి జ్వరం వచ్చినప్పుడు కూడా ఇంత సేవ జరగలేదని ఆయన భార్య హైమవతి గారు ఒకసారి చాలా మామూలుగా అన్నారు.

పొద్దున్నే కారు బయటికి తీసే పని మాత్రం ఆవిడది. పాండురంగాపురంలో వాళ్ళ ఇల్లు ఏటవాలు సందులో ఉంది. ఆయన పూజ ముగించేలోపు ఆవిడ కారుని సందు చివరికి దింపి, అక్కడి ఖాళీ జాగాలో తిప్పి, గేటు ముందు తెచ్చి పెట్టాలి.

గొడవంతా అక్కడే. ఆవిడ పాదం పెడలు మీద పువ్వు పెట్టినట్టు పెట్టేవారు. అంతలోనే మేం చటుక్కున పట్టేసేవాళ్ళం. ఎవరో కాలరు పట్టి లాగినట్టు కారు ఆగిపోయేది. ఇస్త్రీ బండి అప్పన్న పెట్టె గాల్లోనే ఉంచి చూసేవాడు. బాల్కనీలోంచి పతంజలి గారు, చేతిలో హారతి పళ్ళెంతోనే, "హైమా, నీది కాలు కాదే, రోకలి" అనేవారు. తర్వాత ఆయన ఎక్కితే బ్రేకులు వెన్నలా పడేవి. ఇక నేరం ఎవరిదో తేలిపోయినట్టేగా.

మెకానిక్ ఖాదర్ వలీ మమ్మల్ని విప్పాడు, బద్దలు మార్చాడు, ఊరంతా తిప్పి చూశాడు. ఇందులో ఏమీ లేదు డాక్టరు గారూ అని, హైమవతి గారి చెప్పుల వైపు ఒకసారి చూశాడు.

ఆ నెలాఖరు ఆదివారం బీచ్ రోడ్డులో పాత కార్ల ఊరేగింపు. కారు కొన్ననాడే పతంజలి గారు భార్యకి మాటిచ్చారు, ఎప్పుడైనా ఊరేగింపు జరిగితే నడిపేది నువ్వేనని. ఆవిడ ఆ మాట పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చున్నారు. తీరా అది వచ్చేసరికి ఆయన, అంతమందిలో ముందు కారుని గుద్దేస్తే పరువు పోతుందనీ, తనే నడుపుతాననీ, ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి ఊపితే చాలనీ తేల్చేశారు. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతేనే భయపడాలని ఆయనకి ఇన్నేళ్ళయినా తెలీదు.

మధ్యలో ఒకరోజు కుళాయి రాలేదు. కారుకి స్నానం లేదు. మర్నాడు పొద్దున ఆవిడ బ్రేకు తొక్కితే మేం బుద్ధిగా ఆగాం. ఆవిడ సందు చివర ఇంకోసారి తొక్కి చూశారు. ఇంటికి వెళ్ళి దోసెలకి పెనం తీశారు. రాత్రి తోమి తుడవకుండా పెట్టిన ఇనప పెనం, పైన ఎర్రగా తుప్పు పొర. పైపైన తుడిచి పొయ్యి మీద పెట్టారు. మొదటి దోసె అంటుకుపోయి ముక్కలైంది. రెండోది కాస్త నయం. మూడోది దానంతటదే లేచింది. ఎప్పట్లాగే ఆ ముక్కలు ఆవిడ వంటింట్లోనే నిలబడి తినేశారు. వాళ్ళింట్లో పెనం అంటుకుంటుందని ఇంకెవరికీ తెలీకపోవడానికి కారణం అదే.

నమిలేది మధ్యలో ఆపి, ఆవిడ కిటికీలోంచి మా వైపు చూశారు. నా పుట్టుకలో నన్నెవరూ అంత అర్థం చేసుకుని చూడలేదు.

శనివారం పొద్దున ఆవిడ పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చారు. "ఏమండీ, నా చేతులు ఖాళీ లేవు. ఇవాళ కారు మీరే తిప్పి పెట్టండి."

ముందురోజు సాయంత్రం మాకు మామూలుకన్నా ఘనంగా స్నానం జరిగింది. ఆదివారం ఊరేగింపు కదా. పతంజలి గారు ఠీవిగా దిగారు, ఠీవిగా బ్రేకు తొక్కారు. మేం పట్టేశాం. కళ్ళజోడు వెళ్ళి ఒళ్ళో పడింది. ఇస్త్రీ అప్పన్న ఈసారి పెట్టె కింద పెట్టి మరీ చూశాడు.

బాల్కనీలోంచి గొంతు వినిపించింది. "కాలు జాగ్రత్తండీ."

ఆయన ఇంకోసారి తొక్కారు, మళ్ళీ కుదుపు. ఇంకాస్త దూరం పోయి తొక్కితే మెత్తగా ఆగింది. గేటు దగ్గరికి వచ్చి, నిన్న నువ్వేం చేశావు దీన్ని అని మొదలెట్టబోయారు. ఆవిడ పెనం తెచ్చి బానెట్ మీద పెట్టారు.

"ఇదీ ఇనుమే, ఆ చక్రంలోదీ ఇనుమే. మీరు తడిపి మూసేస్తారు, తెల్లారేసరికి లోపల తుప్పు పొర. అది అరిగేదాకా పట్టేస్తుంది. ఆ అరగదీసే పని రోజూ నాది, నున్నటి బ్రేకు మీది."

"మరి వలీకి ఎందుకు కనపడలేదు?"

"మీ కుర్చీ ఎక్కగానే పంటినొప్పి పోయే పేషంట్ల గురించి మీరేగా చెబుతారు. కారు అతని దగ్గరికి వెళ్ళేసరికి నొప్పి సందులోనే దిగిపోతోంది."

పళ్ళ డాక్టరుకి ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. జేబులోంచి తాళాలు తీసి పెనంలో వేశారు.

ఆ సాయంత్రం మాకు స్నానం లేదు, పొడిగుడ్డతో తుడవడమే. ఆదివారం బీచ్ రోడ్డు మీద స్టీరింగు దగ్గర హైమవతి గారు, పక్కన పతంజలి గారు, చేతిలో ఫ్లాస్కు మూతలో నిండా పోసిన కాఫీ. పోయించింది ఆవిడే. దిగుడులో ముందున్న పెద్ద నల్ల కారు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆవిడ పాదం దిగింది. నేను ఒరిపిడికి వేడెక్కాను, పట్టాను, వదలకుండా మెల్లగా బిగించాను. కళ్ళు తెరిచేసరికి ముందు కారుకీ మాకూ మధ్య మనిషి నడిచేంత జాగా ఉంది. కాఫీ తొణకలేదు.

"తాగండి, చల్లారిపోతుంది" అన్నారావిడ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. పక్కనున్న జనం చప్పట్లు కొట్టారు. పతంజలి గారు వాళ్ళకేసి చెయ్యి ఊపారు.

ఇంటికి వచ్చాక ఆవిడ పెనం పెట్టారు. షెడ్డులోంచి నాకు వంటింటి కిటికీ కనిపిస్తుంది. మొదటి దోసె యథాప్రకారం అంటుకుని ముక్కలైంది. ఈసారి ఆవిడ నిలబడి తినలేదు. ఆ ముక్కలన్నీ ఏరి, పళ్ళెంలో పెట్టి, పక్కన చట్నీ వేసి, ఆయన ముందు పెట్టారు. ఆయన పళ్ళెంలోకి చూశారు, ఆవిడ మొహంలోకి చూశారు. ముక్క మిగల్చకుండా తినేశారు.

మర్నాటి నుంచీ పొద్దున్నే కారు తిప్పి పెడుతున్నది ఆయనే.