తలకు కట్టిన ఉరుమాలు

పుస్తకం పేరు చెప్పను. చెబితే ఇంకో ప్రతి అమ్ముడుపోతుంది. 1942లో, ఒకపక్క యుద్ధం నడుస్తుండగా, అన్నూరు దగ్గర మా ఊరి జనం తిరగబడి పోలీసు ఠాణా తగలబెట్టిన చరిత్ర అది. కోయంబత్తూరు విమర్శకులు ఎగబడి పొగిడారు. నవలలా చదివిస్తుందని ఒకరు, కన్నీళ్లు ఆగలేదని ఇంకొకరు. వాళ్లలో ఒక్కరైనా మా ఊరికి వచ్చి ఒక్క మాట అడిగితే ఒట్టు.

అందులో మా అవ్వ పాప్పమ్మాళ్ తండ్రి వేలును పోలీసులకు మనుషుల్ని పట్టిచ్చిన ద్రోహిగా రాశారు. ఆధారమేమిటయ్యా అంటే, ఠాణా తగలబెట్టినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపిన కొద్దిరోజులకే, వీధంతా ఏడుస్తుంటే, అతను తలకు కొత్త ఉరుమాలు చుట్టుకుని తిరిగాడట. కూలివాడికి కొత్త గుడ్డ ఎక్కడిది? పోలీసుల బహుమానమే అని తేల్చేశాడు రచయిత తిరువేంగడం. విమర్శకులకు అన్నిటికంటే నచ్చింది ఈ పేజీయే.

ఆ కాల్పుల్లో పోయింది వేలు తండ్రి కాళి. తండ్రి పోతే, కర్మ రోజున కొడుకు తలకు అతని బావమరిది కొత్త ఉరుమాలు తెచ్చి కట్టడం మా వాడుక. మాలాగే తిరువేంగడం ఇంట్లోనూ తెలుగే మాట్లాడతారు. వాళ్ల నాయన పోయినప్పుడు ఆయన తలకూ కట్టే ఉంటారు. భూములున్న తమ ఇళ్ల ఆచారం కూలీల వీధిలోనూ ఉంటుందని మహానుభావుడికి తోచలేదు. ఛీ!

ఎనభై దాటిన అవ్వకు ఒకటే కోరిక. తను పోయేలోగా ఆ మాట పుస్తకంలోంచి పోవాలి. అందుకే ఆ పుస్తకం మీద పెట్టిన సభకు తీసుకెళ్లాను.

"అది మా మామ కట్టిన ఉరుమాలు సామీ! మా తాత సచ్చిపోయినాడని కట్టినాడు. సత్తియమా చెప్తాను, మా అప్పన ఎవురినీ పట్టియ్యలేదు" అని మైకు పట్టుకుని ఏడ్చింది అవ్వ.

తిరువేంగడం లేచి చేతులు జోడించాడు. "నెక్స్ట్ ఎడిషన్‌లో సరి చేసేస్తాను పాట్టీ" అన్నాడు, అవ్వను అరవంలో పిలుస్తూ. చప్పట్లు. ముందు వరస విమర్శకుడొకడు కళ్లు తుడుచుకున్నాడు.

మలి ముద్రణ వచ్చింది. ఆ పేజీలో అక్షరం మారలేదు. వెనక అట్ట మీద అవ్వ ఏడుస్తున్న ఫొటో, దాని కింద 'ద్రోహి వేలు కూతురు పాప్పమ్మాళ్ కన్నీరే ఈ పుస్తకం సాధించిన విజయం' అని అచ్చేశారు. రాసింది ఆ కళ్లు తుడుచుకున్నవాడే.

అవ్వకు చదవడం రాదు. ఫొటో చూసుకుని మురిసిపోయింది.

"కింద ఏమి రాసిండారు అమ్మిణీ?"

"నీ పేరు అవ్వా."

"మా అప్పన పేరు?"

"అదీ వేసినారు."

"ఇంగ నేను నిమ్మళంగా పోతాను" అని ఆ పుస్తకాన్ని కళ్లకద్దుకుంది.