నీకెంత?

లక్ష్మీతిరుపతమ్మకు మొగుడి మీద ఉన్నది ఒకే ఒక్క ఫిర్యాదు. ఆయన రోజూ తనకంటే ముందు కారుకు స్నానం చేయిస్తాడు. కారుకు షాంపూ, మెత్తటి పసుప్పచ్చ గుడ్డ, ఎండ తగలకుండా రేకుల నీడ. తనకేమో అరిగిపోయిన సబ్బుముక్క. పెళ్ళయి ఇన్నేళ్ళలో తన వీపు ఒక్కనాడైనా అంత శ్రద్ధగా రుద్దిన పాపాన పోలేదని, ఈ సంగతి కూడా ఆ కారుకు అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాస్తే బాగుంటుందని, వాళ్ళయితే కనీసం అందింది అని ఓ నంబరైనా ఇస్తారని ఆమె వంటింటి కిటికీలోంచి అంటూనే ఉంది.

బసవయ్య వినిపించుకోలేదు. గొట్టం పట్టుకుని, నడుం వంచి, వెనక చక్రానికి అంటిన నల్లరేగడి బురద కడుగుతున్నాడు. పొట్టి మనిషి. లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గడితే గట్టి పిక్కలు, పైన కొంచెం ముందుకు వచ్చిన బొజ్జ, ఎండకు కమిలి చెవుల దాకా ఒకే రంగైన మొహం. కుడిచేతి బొటనవేలి గోరు మాత్రం మిగతా వాటికంటే పొడుగు. ధాన్యం గింజ పొట్టు ఒలవడానికి పెంచుకున్నది అది. పోతనాళ చుట్టుపక్కల, కాలవ కిందికి వలసొచ్చిన తెలుగు రైతుల క్యాంపుల్లో అతను ధాన్యం బ్రోకరు. రైతుకు మిల్లును, మిల్లుకు రైతును చూపించి, మధ్యలో తన కమీషన్ తను తీసుకుంటాడు. ఎదుటివాడు ఎవడైనా సరే, ఇందులో నీకెంత అని అడక్కుండా బేరంలోకి దిగడు.

కారు కొన్ననాడు తప్ప.

ఆనాడు సింధనూరులో అప్పులిచ్చే మూడు కంపెనీలవాళ్ళకు వడ్డీ దగ్గర చెమటలు పట్టించాడు. నాలుగో కంపెనీలో ధర్మతేజ కనిపించాడు. పక్క క్యాంపు కుర్రాడు. ఇద్దరి తాతలూ ఒకే లారీలో సామాన్లేసుకుని కాలవ కిందికి వచ్చినవాళ్ళు. వరసకు బాబాయ్ అని పిలుస్తాడు. మనోడి దగ్గర వడ్డీ ఎంత, నీకెంత అని గుచ్చి గుచ్చి అడిగితే ఏం బాగుంటుందని బసవయ్య కాఫీ తాగి, వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకాలు చేసి, కారు బానెట్‌కు పసుపు రాసి ఇంటికి తెచ్చుకున్నాడు.

కొన్నాళ్ళకు బాళగనూరు మాస్టారొకాయన అదే కారు, అదే కంపెనీలో, అంతకంటే తక్కువ వడ్డీకి కొన్నాడని తెలిసింది. ఆరా తీస్తే, తనకు ఎక్కువ వేసిన వడ్డీలో ఇంత షోరూముకీ, ఇంత ధర్మతేజకీ వెళ్తోందని బయటపడింది. బసవయ్య ఆ రాత్రి అన్నం తినలేదు. డబ్బు పోయినందుకు కాదు. ఊరందరికీ కమీషన్ అంటే ఏమిటో నేర్పిన మనిషికే కమీషన్ దాచారని. ఫోన్ చేసి నిలదీస్తే ధర్మతేజ నీళ్ళు నమిలి, అది కమీషన్ కాదు బాబాయ్, ఇన్సెంటివ్ అన్నాడు. బసవయ్య కూతురు పావని చేత ఇంగ్లీషులో ఫిర్యాదు రాయించాడు. అప్పట్నుంచి రోజూ ఫోన్లో చూడటం, పరిశీలనలో ఉంది అన్న మాటే చదువుకోవడం. మొన్నామధ్య ఒక పెళ్ళిలో బాబాయీ అబ్బాయీ ఒకే బంతిలో ఎదురెదురుగా కూర్చుని, అప్పడాలు నమిలిన చప్పుడు తప్ప మాటల్లేకుండా లేచొచ్చారు. కంపెనీ పైసా ఇవ్వకపోయినా ఫర్వాలేదు, ఇది తప్పు అని ఎవరో ఒకరు పైకి అంటే చాలు అనేది బసవయ్య కోరిక.

ఆ రోజు కవితాళలో, ఏళ్ళుగా తన ద్వారానే అమ్మే రైతు యంకప్ప ధాన్యం చూడాలి. ఎండుమిరపకాయలు కొనాలని తిరుపతమ్మ కూడా ముందు సీట్లో ఎక్కింది. కారు మీద ఎన్ని సణిగినా, ఆ సీటు మీద మాత్రం ఆమెకు ఏ ఫిర్యాదూ లేదు.

యంకప్ప కళ్ళంలో పట్టాల మీద సోనా మసూరి కుప్పగా పోసి ఉంది. బసవయ్య పైపైన చూడడు. మోచేతి దాకా కుప్పలోకి చెయ్యి దూర్చి, లోపలి గింజలు గుప్పెడు తీసి, రెండు అరచేతుల మధ్యా నలిపి, ఊక ఊదేశాడు. మిగిలిన బియ్యాన్ని ఎండకు పట్టి చూశాడు. ఒక గింజ పంటికింద వేశాడు. టక్కున విరిగింది. తేమ లేదు. మిల్లుకు ఫోన్ చేసి ధర తెగ్గొట్టాడు. తర్వాత, ఎప్పటిలాగే, పక్క కళ్ళంవాళ్ళకు కూడా వినపడేంత గట్టిగా, సంచికి తన కమీషన్ ఎంతో చెప్పాడు. ఫిర్యాదు పెట్టినప్పట్నుంచీ ఈ మాట చెప్పేటప్పుడు అతని గొంతు ఇంకొంచెం పెరిగింది.

యంకప్ప సన్నగా, ఎండిన కట్టెలా ఉంటాడు. బస్తా మీద గొంతుక్కూర్చుని పొగాకు నలుపుతూ అంతా విన్నాడు.

"అది ఎరుకే సావుకారూ. మిల్లోళ్ళ దిక్కు నుంచి నీకెంత?"

బసవయ్య చేతిలోని బియ్యాన్ని మరోసారి ఎండకు పట్టి చూశాడు. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న అతను అందరినీ అడిగాడు గానీ అతన్ని ఎవరూ అడగలేదు. మొదట్లో మిల్లు యజమాని పంట చివర పంచెల చాపు పెట్టేవాడు. తర్వాత కవరు ఇచ్చాడు. ఇప్పుడు నేరుగా ఖాతాలో వేస్తున్నాడు. పంచె ఇచ్చిననాడు పెట్టుకున్న పేరునే బసవయ్య ఇంకా వాడుకుంటున్నాడు.

"వాళ్ళు నా ఖాతాలో ఏదో వేస్తారు. అది కమీషన్ కాదు యంకప్పా. మర్యాద."

అన్నాక ఆ మాట తన చెవికే అదోలా తగిలింది. తిరుపతమ్మ తలతిప్పి, అక్కడ కట్టేసిన గేదెదూడను ఎన్నడూ దూడను చూడని మనిషిలా చూడసాగింది.

"మంచిగుంది పేరు," అన్నాడు యంకప్ప. "గా మర్యాద గూడ నా వడ్లల నుంచే వస్తది గదా. ఇన్నేండ్లు అడగలే. మనోడివాయె, అడిగితే ఏం బాగుంటదని. కారోళ్ళ మీద నువ్వు కంప్లేంటు ఇస్తివి గదా, జర నాక్కూడ ధైర్యమొచ్చె."

ఏమీ కోపం లేదు అతనికి. చెయ్యి దులుపుకుని లేచి, వడ్లు ఇచ్చేదీ లేనిదీ రేపు చెప్తానన్నాడు. యంకప్ప అలా అనడం అదే మొదలు. అతను జారిపోతే ఆ వీధిలో మిగతా కళ్ళాలు కూడా వెనకే జారిపోతాయని బసవయ్యకు తెలుసు.

తిరుగుదారిలో కాలవ గట్టు పొడుగునా తిరుపతమ్మ ఒళ్ళో మిరపకాయల సంచి, దాని ఘాటుకు ఇద్దరికీ తుమ్ములు. పోతనాళ దగ్గర పడుతుండగా అంది.

"ఖాతాలో అంటే ఏ ఖాతా అండీ? నాకు తెలిసింది కాదనుకుంటా."

బసవయ్య గేరు మార్చాడు. మార్చాల్సిన అవసరం లేదు.

"యంకప్పకు చెప్పలేదంటే వ్యాపారం అనుకోవచ్చు. నాక్కూడానా?" అంటూంటే ఆమెకే నవ్వాగలేదు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వి, మిరపకాయల వల్లేనంది.

సాయంత్రం ధర్మతేజ బండి మీద వచ్చాడు. గేటు దగ్గరే కాసేపు తచ్చాడి, పిన్నీ అని పిలిచాకే లోపలికొచ్చాడు. నీరుకావి చొక్కాలో బక్కపలచగా, మెళ్ళో ఇంకా ఆఫీసు కార్డుతో, హెల్మెట్ పక్కన పెట్టుకుని అరుగు చివర కూర్చున్నాడు. తిరుపతమ్మ టీ ఇచ్చి, దార్లో తినమని సున్నుండలు కాగితంలో చుట్టి హెల్మెట్‌లో పెట్టింది. కంపెనీ ఫిర్యాదు ఒప్పుకుందట. వచ్చే వాయిదా నుంచి మాస్టారికి వేసిన వడ్డీయే, ఎక్కువ కట్టింది అందులోకే సర్దుబాటు. తనకు గంగావతి బదిలీ. శిక్షే గానీ, అది అత్తగారి ఊరు కాబట్టి వాళ్ళావిడ పాయసం వండిందని చెప్పాడు.

బసవయ్య ఇన్నాళ్ళూ కారు కడుగుతూ కడుగుతూ ఈ కుర్రాడికి చెప్పాల్సిన ఉపన్యాసం మొత్తం కూర్చుకున్నాడు. తీరా అన్నది ఇంతే.

"మనోడివి అనుకున్నానురా తేజా."

"నేనూ అంతే అనుకున్నా బాబాయ్. మనోడే కదా, అడగడులే అని." ధర్మతేజ టీ గ్లాసు కింద పెట్టాడు. "అడక్కపోయినా చెప్పాల్సింది."

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట. అది వచ్చి అరుగు మీద కూర్చుంటే, పొద్దున కళ్ళంలో తను చెప్పిన మర్యాద గుర్తొచ్చి బసవయ్యకు పట్టలేని నవ్వొచ్చింది. ధర్మతేజ ముందు బెదిరి, తర్వాత తనూ నవ్వాడు. గంగావతి మిల్లుల్లో ధర ఎలా ఉందో చూసి చెప్పమని బసవయ్య పురమాయించాడు. తెల్లవారకముందే సామాన్ల బండి వస్తుందని కుర్రాడు హడావిడిగా లేచాడు. బండి చప్పుడు కాలవ వంతెన దాటేదాకా వినిపించి, ఆగిపోయింది.

బసవయ్య యంకప్పకు ఫోన్ కలిపాడు. ఫోన్లో మాట సరిగ్గా వినపడదని ఎప్పుడూ స్పీకరులోనే మాట్లాడతాడు కాబట్టి తిరుపతమ్మ గడప దాకా రానక్కర్లేదు. అయినా వచ్చింది. మిల్లువాళ్ళు సంచికి ఎంతిస్తారో బసవయ్య చెప్పాడు. రేపట్నుంచి అది కూడా కళ్ళంలోనే చెప్తానన్నాడు. ధాన్యం ఇవ్వడం ఇవ్వకపోవడం నీ ఇష్టం అన్నాడు. అవతల పొగాకు ఉమ్మిన చప్పుడైంది.

"ఇన్నేళ్ళూ చెప్పకపోవడం తప్పే యంకప్పా. తప్పు నాదే."

"పొద్దుగాల లారీ తోలు," అన్నాడు యంకప్ప. "గామాట ఇంకొకసారి అను సావుకారూ. మా ఇంటామెకు ఇనపడలేదంట."

బసవయ్య భార్య వంక చూశాడు. గొంతు సవరించుకుని, పొద్దున కళ్ళంలో పలికినంత గట్టిగా, తప్పు నాదే అని మళ్ళీ అన్నాడు.

అరుగు చివర ధర్మతేజ మరిచిపోయిన హెల్మెట్ వెల్లకిలా ఉంది, లోపల నెయ్యి ఊరిన కాగితంలో సున్నుండలు అలాగే ఉన్నాయి.