పద్నాలుగు గీతలు

నా పరిశోధనకి ఇది ఏడో ఏడు. ఈ ఏడేళ్లలో మా ఆయన రెండు ఉద్యోగాలు మారారు, మా అబ్బాయికి మీసాలొచ్చాయి, నాకు కళ్లజోడొచ్చింది. డిగ్రీ ఒక్కటే రాలేదు. మూడోసారి పొడిగించిన గడువు వచ్చే నెలాఖరుతో సరి. అది దాటితే దణ్ణం పెట్టి బయటికి పంపేస్తారు.

నేను పనిచేసేది మాటలు రాని పిల్లల బడిలో. నా పరిశోధనంతా ఒకే ఒక్క పాప మీద. "ఒక్క పిల్ల మీదేనా? మన వీధిలోనే పదిమందున్నారు, పిలుచుకురానా?" అని మా ఆయన జాలిపడ్డారు. మేము వందమందిని ఒక్కోసారి చూడం, ఒక్కరినే వందసార్లు చూస్తాం. ఈ ముక్క ఆయనకి కూడా వందసార్లు చెప్పి ఉంటాను.

ఆ పాపకి ఆరేళ్లు. కుర్చీలో కూర్చుని మమ్మల్ని తేరిపార చూసే తీరుకి అందరం చిన్నమేడం అంటాం. చేస్తున్న పని విసుగొస్తే చిన్నమేడం తన మణికట్టు తనే కొరుక్కుంటుంది. దెబ్బ తగలకుండా మెత్తటి పట్టీ కట్టాం. ముందు నేనేమీ చేయకుండా ఊరికే లెక్కపెట్టాను. పది నిమిషాల్లో సగటున పదహారు సార్లు. తర్వాత అరచేయి బొమ్మ ఉన్న కార్డు ఒకటి ఇచ్చాను. అది నా చేతిలో పెడితే చాలు, పని ఆపేసి కాసేపు వదిలేస్తాను. మూడు వారాల్లో పదహారు కాస్తా రెండయింది. నేను బడంతా మిఠాయిలు పంచాను.

గైడు గారు గ్రాఫు చూసి పెదవి విరిచారు.

"తగ్గింది, బాగానే ఉంది. కార్డు వల్లే తగ్గిందని నమ్మకమేంటమ్మా? ఏ స్విచ్చు ఏ ఫ్యానుదో తెలియాలంటే ఏం చేస్తావు? ఆపి చూస్తావు. కొన్నాళ్లు కార్డు తీసెయ్. కొరకడం మళ్లీ పెరగాలి, కార్డిస్తే మళ్లీ తగ్గాలి. అప్పుడు నేను సంతకం పెడతాను."

పాప వాళ్లమ్మ అనుమతి కాగితం రెండుసార్లు చదివి ఒప్పుకుంది. ఒక పసిపిల్ల తనని తాను మళ్లీ కొరుక్కోవాలని కోరుకునే ఆడది లోకంలో ఉంటుందా అంటే, ఉంటుంది. ఆ ఉదయం కళ్లజోడు తుడుచుకుని, పెన్సిలు చెక్కుకుని, బడికి పది నిమిషాలు ముందే చేరుకుంది. అది నేనే.

బల్ల మీద బొమ్మ ముక్కలు పెట్టాను. కార్డు బీరువాలో ఉంది. మూలన కెమెరా తిరుగుతోంది. చిన్నమేడం నాలుగు ముక్కలు అతికించి, కార్డుండే చోటు వెతికి, చెయ్యి నోటి దగ్గరికి ఎత్తింది. నేను గీత గీశాను. మళ్లీ ఎత్తింది. మళ్లీ గీత. నియమం ప్రకారం నేను పలకకూడదు, ముఖంలో ఏదీ కనిపించకూడదు. అందుకని తల వంచుకుని కాగితమే చూస్తూ గీశాను. పది నిమిషాలకి పద్నాలుగు. అక్కడికక్కడే గైడు గారికి మెసేజ్ పెట్టాను. ఆయన ఒక బొటనవేలు పంపించారు. ఏడేళ్లలో ఆయన నాకు పంపిన మొదటి బొటనవేలు అది.

అయితే మా పద్ధతిలో ఒకరి లెక్క చెల్లదు. అదే వీడియో చూసి ఇంకొకరు విడిగా లెక్కపెట్టాలి. ఇద్దరి లెక్కా నూటికి ఎనభై పాళ్లయినా కలవాలి. స్నేహితులందరూ మొహం చాటేశాక ఆ పని మా ఆడపడుచు నెత్తిన పడింది. మందుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు సీసాలు దీపం ముందు తిప్పి, లోపల నలుసుందో లేదో చూసి రిటైరైన మనిషి. అది కార్డు ఇచ్చిన రోజో, ఇవ్వని రోజో ఆవిడకి చెప్పకూడదు. చెప్పాలని నా నోరు ఒకటే దురద.

ఆదివారం పొద్దున వంటింటి బల్ల దగ్గర వీడియో చూసి, కాగితం నా ముందుకి తోసింది.

"మూడు," అంది.

"పద్నాలుగు కదా వదినా?"

"మూడే."

మూడుకీ పద్నాలుగుకీ నూటికి ఇరవై ఒక్క పాళ్లు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నెపం ముందు కెమెరా కోణం మీద పెట్టాను. తర్వాత వెలుతురు బాగాలేదన్నాను. ఆఖరికి ఆవిడ కళ్లజోడు దాకా వెళ్లాను.

"నా కళ్లకేం? పళ్లు మణికట్టుకి తగిలితేనే లెక్కని రాసిచ్చింది నువ్వే కదమ్మా! తగిలింది మూడుసార్లు, అదీ చివర్లో. మిగతావన్నీ ఏంటో నువ్వే చూడు."

చూశాను. చిన్నమేడం చెయ్యెత్తింది. పళ్లు కనపడలేదు. వేళ్ల కొసలు పెదాలకి ఆనించి, అరచేయి నా వైపు చాపింది. నేను వంచిన తల ఎత్తలేదు. గీత గీశాను. ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుని నా ముఖం చూసి, మళ్లీ పెదాలకి ఆనించి, మళ్లీ చాపింది. అలా పదకొండు సార్లు. ఆ తర్వాతే కొరుక్కుంది.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుందంటారు. నాకు లోకమంతా పళ్లే కనిపించాయి.

"సీసాలో నలుసు లేకపోయినా ఉందని రాశావనుకో, మంచి మందు కాలవలో పోస్తారు," అంది మా వదిన. ఆవిడకి డిగ్రీల సంగతి తెలియదు. నా కాగితంలో పద్నాలుగు మాత్రం కొట్టేసి మూడని రాయించింది.

గైడు గారికి లెక్క తప్పిందని, ఇక కార్డు తీసెయ్యనని మెసేజ్ పెట్టాను. ఈసారి ఏ వేలూ రాలేదు. గడువు పోతే పోయిందనుకుని పాప వాళ్లమ్మకి ఫోన్ చేశాను, రేపటి నుంచి కార్డు ఇచ్చేస్తామని చెప్పడానికి. పెదాలకి వేళ్లు ఆనించడం గురించి అడిగాను.

"అయ్యో, మీకు చెప్పనే లేదు! కార్డు బడిలోనే ఉండిపోతుంది కదండీ, ఇంట్లో మేమిద్దరం ఇలా మొదలుపెట్టాం. చాలు అనడానికి. రెండు వారాలైంది, అడిగిన ప్రతిసారీ ఆపేస్తున్నాను. కొరకడమే మానేసింది!" ఆవిడ గొంతులో సంతోషం పట్టలేకుండా ఉంది. "మీ దగ్గర కూడా అడిగిందా మేడం?"

"అడిగిందండీ. పదకొండు సార్లు."

"పదకొండుసార్లా! మరి మీరేం చేశారు?"

"రాసుకున్నానండీ," అన్నాను.